కెర్నెల్‌ను దాటిన దారి: యూజర్ స్పేస్ స్టోరేజి డ్రైవర్ల చరిత్ర, రికార్డు గది పోలిక

వ్యాససంగ్రహం:

కంప్యూటరులో నడిచే ప్రోగ్రాము సాధారణంగా డిస్కును నేరుగా తాకదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్‌ను అడిగి, కావలసిన సమాచారాన్ని తెప్పించుకుంటుంది. 1960లలో స్థిరపడిన ఈ ఏర్పాటును పక్కనపెట్టి, ప్రోగ్రామే నిల్వ పరికరంతో సూటిగా వ్యవహరించే యూజర్ స్పేస్ స్టోరేజి డ్రైవర్లు 2010 తరువాత బలపడ్డాయి. ఈ మార్పుకు దారితీసిన కారణాలను, అది పనిచేసే తీరును, దానికి చెల్లించవలసిన మూల్యాన్ని ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల ప్రజలకు అనుభవంలో ఉన్న భూమి రికార్డుల వ్యవస్థను పోలికగా గ్రహిస్తుంది. మధ్యవర్తిని తప్పించినంత మాత్రాన అతని బాధ్యతలు తొలగిపోవని, అవి మరొక చోటికి బదిలీ అవుతాయని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: కెర్నెల్, యూజర్ స్పేస్, స్టోరేజి డ్రైవర్, ఎన్‌వీఎంఈ, ఎస్‌పీడీకే, రిజిస్ట్రేషన్ చట్టం, కార్డ్ ప్రాజెక్టు, చందర్లపాడు.

1. ఉపోద్ఘాతం:

చందర్లపాడు కృష్ణానది ఉత్తర తీరాన ఉన్న మండలం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు కృష్ణా జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా నందిగామ రెవెన్యూ డివిజనులో ఉంది. నందిగామ, జగ్గయ్యపేటలతో కలిపి ఈ ప్రాంతాన్ని కృష్ణా జిల్లా మెట్టగా వ్యవహరించడం పరిపాటి. ఇక్కడ ఎకరం పొలం కొనదలచిన రైతు మొదట అడిగేది ఈసీ, అంటే ఆ భూమిపై ఇదివరకు జరిగిన క్రయవిక్రయాలను, తనఖాలను తెలిపే పత్రం. ఆ పత్రం చేతికి రావాలంటే ఎక్కడో భద్రపరచిన రికార్డును ఎవరో ఒకరు వెతికి తీయాలి. వెతికేది ఎవరు, వెతకడానికి అనుమతి ఎవరికి అన్న ప్రశ్నలు కంప్యూటరు కంటే పాతవి.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఈ ప్రశ్నలకు స్పష్టమైన సమాధానం చెప్పింది. 51వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలోను, రిజిస్ట్రేషను నిరాకరించిన కారణాలు 2వ పుస్తకంలోను, వీలునామాలు, దత్తత అధికారపత్రాలు 3వ పుస్తకంలోను, ఇతర పత్రాలు 4వ పుస్తకంలోను నమోదవుతాయి. 57వ సెక్షను ప్రకారం రుసుము చెల్లించిన ఎవరైనా 1, 2 పుస్తకాలను, 1వ పుస్తకపు సూచికలను చూడవచ్చు. 3, 4 పుస్తకాలలో మాత్రం రిజిస్టరింగ్ అధికారి తప్ప మరొకరు వెతకడానికి వీల్లేదు. ఒకే కార్యాలయంలో కొన్ని రికార్డులకు సూటి ప్రవేశం ఉంది, మరికొన్నింటికి మధ్యవర్తి తప్పనిసరి. ఏ రికార్డుకు ఏది తగినదో చట్టం ముందే తేల్చిపెట్టింది.

కంప్యూటర్లలో నిల్వ చేసిన సమాచారం విషయంలోనూ ఇదే తర్జనభర్జన ఆరు దశాబ్దాలుగా సాగుతోంది. అక్కడ రికార్డు గది డిస్కు, గుమస్తా కెర్నెల్, అర్జీదారు ప్రోగ్రాము. గుమస్తాను దాటి అర్జీదారే గదిలోకి వెళ్లే పద్ధతి ఎలా వచ్చిందో, ఏ షరతులపై సాధ్యమైందో పరిశీలించడం ఈ వ్యాసం పరిధి. రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటర్లలో ఏ డ్రైవర్లు నడుస్తున్నాయన్నది ఇక్కడ చర్చనీయాంశం కాదు. ఆ శాఖ చరిత్రను పోలికకు మాత్రమే తీసుకోవడం జరిగింది.

2. మధ్యవర్తి ఆవిర్భావం:

తొలితరం కంప్యూటర్లలో ఒకసారికి ఒకే ప్రోగ్రాము నడిచేది. యంత్రమంతా దాని అధీనంలోనే ఉండేది కాబట్టి టేపునైనా, డ్రమ్మునైనా ప్రోగ్రామే స్వయంగా నడుపుకునేది. ఒకే యంత్రాన్ని పలువురు పంచుకోవలసిన అవసరం వచ్చాక ఈ స్వేచ్ఛ ప్రమాదకరమైంది. ఒకరి ప్రోగ్రాములోని పొరపాటు మరొకరి సమాచారాన్ని చెరిపివేయగలదు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో 1962 డిసెంబరులో ప్రారంభమైన అట్లాస్ యంత్రంలో ‘సూపర్‌వైజర్’ అనే పర్యవేక్షక ప్రోగ్రాము పరికరాల నిర్వహణను తన చేతిలోకి తీసుకుంది. అదే దశకంలో మొదలైన మల్టిక్స్ వ్యవస్థ అధికారాన్ని వలయాలుగా విభజించింది. లోపలి వలయానికి ఎక్కువ అధికారం, వెలుపలి వలయానికి తక్కువ.

కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ 1974లో యూనిక్స్ గురించి ప్రకటించిన వ్యాసం ఈ ఆలోచనకు సరళమైన రూపాన్నిచ్చింది. డిస్కు, టేపు, టెర్మినల్ ఏదైనా ప్రోగ్రాముకు ఒక ఫైలులాగానే కనిపిస్తుంది. తెరవమని, చదవమని, రాయమని అడిగితే చాలు. ఈ అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు. పరికరం తయారీదారు ఎవరో, సమాచారం ఏ పలకపై ఏ వలయంలో ఉందో ప్రోగ్రాము పట్టించుకోనక్కరలేదు.

ఈ క్రమంలో కెర్నెల్ చేపట్టిన బాధ్యతలు నాలుగు. మొదటిది రక్షణ: ఎవరి ఫైలును ఎవరు చూడవచ్చో తేల్చడం. రెండవది పంపకం: ఒకే డిస్కును పలు ప్రోగ్రాములకు వంతులవారీగా అందించడం. మూడవది నామకరణం: అంకెలతో గుర్తించే డిస్కు గడులకు ఫైళ్ల పేర్లను జోడించడం. నాలుగవది జ్ఞాపకం: తరచు వాడే సమాచారాన్ని మెమరీలో ఉంచుకుని మళ్లీ డిస్కు దాకా పోకుండా చూడడం.

ఇంత పని చేసినా కెర్నెల్ భారమనిపించలేదు. డిస్కుల నెమ్మదితనమే దానికి కారణం. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ డిస్కులో ఒక అంశాన్ని అందుకోవడానికి సగటున 600 మిల్లీసెకన్లు పట్టేది. ఆ తరువాతి దశాబ్దాలలో డిస్కులు ఎంతో మెరుగుపడినా, నిమిషానికి 7,200 సార్లు తిరిగే పలక ఒక చుట్టు పూర్తి చేయడానికి 8.33 మిల్లీసెకన్లు కావలసిందే. కెర్నెల్ పనికి పట్టేది కొద్ది మైక్రోసెకన్లు. రికార్డు గదిలో పుస్తకం వెతకడానికి పూట పట్టే చోట గుమస్తా ఒక నిమిషం అదనంగా తీసుకున్నా ఎవరూ ఫిర్యాదు చేయరు.

3. తొలి అసంతృప్తులు:

వేగానికి సంబంధించిన ఫిర్యాదుకు ముందే విధానానికి సంబంధించిన ఫిర్యాదు వినిపించింది. డేటాబేస్ పరిశోధకుడు మైకేల్ స్టోన్‌బ్రేకర్ 1981లో ఒక వ్యాసం ప్రకటించి, ఆపరేటింగ్ సిస్టమ్‌లు అందించే సేవలు డేటాబేసులకు తగినవిగా లేవని వాదించాడు. ఏ పేజీని మెమరీలో ఉంచాలో, దేన్ని వదిలేయాలో కెర్నెల్ గతాన్ని చూసి ఊహిస్తుంది. డేటాబేసుకు మాత్రం తాను తరువాత చదవబోయేది ముందే తెలుసు. తెలిసినవాడి బదులు తెలియనివాడు నిర్ణయం చేయడం అతని అభ్యంతరం. డేటాబేసులు ఫైల్ సిస్టమ్ లేని ముడి డిస్కుపైనే సమాచారాన్ని రాసుకునే పద్ధతి ఈ అవసరం నుంచే వ్యాపించింది. లైనక్స్ 2001లో 2.4.10 రూపంలో తెచ్చిన ఓ-డైరెక్ట్ సదుపాయం కూడా ఇదే కోవలోనిది. అయితే ఈ రెండింటిలోనూ ఉమ్మడిగా తప్పించినది కెర్నెల్ జ్ఞాపకాన్ని. అడగడం, తెచ్చివ్వడం యథాతథంగా సాగాయి.

మరొక ధార మైక్రోకెర్నెల్ ఉద్యమం. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి ఆచార్యుడుగా ఉన్న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే, రిచర్డ్ రషీద్ నాయకత్వంలో 1985లో మాక్ ప్రాజెక్టు మొదలైంది. ఫైల్ సిస్టమ్ వంటి సేవలను కెర్నెల్ నుంచి బయటికి తెచ్చి, సాధారణ ప్రోగ్రాములుగా నడపడం దాని తరువాతి రూపాల లక్ష్యం. ఇందులో మధ్యవర్తి కూర్చునే చోటు మారింది గానీ మధ్యవర్తి పోలేదు. పైగా ప్రతి కోరికా సందేశంగా ప్రయాణించడంతో ఖర్చు పెరిగింది. ఆ ఖర్చును బాగా తగ్గించవచ్చని యోకెన్ లీట్కె 1990లలో చూపించాడు.

అసలైన మలుపు 1995. ఆ ఏడాది జరిగిన ఆపరేటింగ్ సిస్టమ్స్ సదస్సులో రెండు పరిశోధనలు వెలువడ్డాయి. ఎంఐటీకి చెందిన డాసన్ ఎంగ్లర్, ఫ్రాన్స్ కాషుక్, జేమ్స్ ఓటూల్ ప్రతిపాదించిన ఎక్సోకెర్నెల్ మొదటిది. రక్షణ వేరు, నిర్వహణ వేరు అన్నది దాని మూలసూత్రం. ఏ వనరు ఎవరిదో కెర్నెల్ చూసుకుంటే చాలు, దాన్ని ఎలా వాడుకోవాలో ప్రోగ్రామే నిర్ణయించుకోవాలి. రెండవది కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన యూ-నెట్. నెట్‌వర్క్ సందేశాలను పంపే దారిని కెర్నెల్ ఒకసారి ఏర్పాటు చేసి పక్కకు తప్పుకుంటుంది. ఆపై ప్రతి సందేశమూ ప్రోగ్రాము నుంచి పరికరానికి నేరుగా వెళ్తుంది. ఈ బాటలోనే 1997లో కాంపాక్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి వర్చువల్ ఇంటర్‌ఫేస్ ఆర్కిటెక్చర్ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి.

నెట్‌వర్క్‌లో 1995లోనే సాధ్యమైనది నిల్వలో విస్తృతంగా అమలు కావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. డిస్కు నెమ్మదితనం ఇందుకు ఒక కారణం. రెండు పనుల స్వభావంలోని తేడా మరొకటి. సందేశం చేరవలసినవారికి చేరితే దాని కథ ముగుస్తుంది. నిల్వ చేసిన సమాచారం మాత్రం దాన్ని రాసిన ప్రోగ్రాము ఆగిపోయాక కూడా ఉంటుంది. రేపు మరొక ప్రోగ్రాము దాన్ని చదవాలి. చదివే అర్హత దానికి ఉందో లేదో ఎవరో తేల్చాలి. ఉత్తరం బట్వాడాకు, దస్తావేజు భద్రతకు ఉన్న తేడా ఇదే. ఎక్సోకెర్నెల్ బృందం సైతం డిస్కును సురక్షితంగా పంచడానికి 1997లో ఎక్స్‌ఎన్ అనే ప్రత్యేకమైన, సంక్లిష్టమైన ఏర్పాటును రూపొందించవలసి వచ్చింది.

4. మారిన నిష్పత్తి:

తిరిగే పలకల స్థానంలో ఫ్లాష్ మెమరీ వచ్చాక లెక్క తలకిందులైంది. 2004 నాటి ఏహెచ్‌సీఐ ప్రమాణంలో ఒక డిస్కుకు ఒకే వరుస, అందులో 32 ఆదేశాలకు మాత్రమే చోటు. 2011 మార్చిలో వెలువడిన ఎన్‌వీఎంఈ 1.0 ప్రమాణం 65,535 వరుసలకు, ఒక్కొక్క వరుసలో 65,536 ఆదేశాలకు వీలు కల్పించింది. ప్రతి ప్రాసెసర్ కోరుకూ, అవసరమైతే ప్రతి ప్రోగ్రాముకూ సొంత వరుస ఇవ్వవచ్చు. సూటి ప్రవేశానికి అనువైన ద్వారం పరికరంలోనే ఏర్పడింది. ఆ మరుసటి ఏడాది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖ పరిశోధకులు మొనెటా-డి అనే నమూనాలో దీన్ని చేసి చూపారు. అందులో అనుమతులను కెర్నెల్ ముందుగా పరికరంలో నమోదు చేస్తుంది. ప్రతి కోరికనూ పరికరమే సరిచూసుకుంటుంది.

నిష్పత్తి ఎంత మారిందో ఒక కొలత స్పష్టం చేస్తుంది. 2022లో ఎక్స్‌ఆర్‌పీ అనే పరిశోధన, రెండవ తరం ఆప్టేన్ పరికరం నుంచి లైనక్స్ ద్వారా 512 బైట్లు చదవడానికి పట్టే కాలాన్ని పొరలవారీగా కొలిచింది. మొత్తం 6.27 మైక్రోసెకన్లలో పరికరం వాటా 3.22, అంటే 51.4 శాతం. మిగిలిన 48.6 శాతం సాఫ్ట్‌వేరుదే. సుమారు 3 మైక్రోసెకన్ల ఈ సాఫ్ట్‌వేరు పనినే 10 మిల్లీసెకన్లు పట్టే పాత డిస్కుతో పోల్చి చూస్తే అది మొత్తంలో 0.03 శాతం. కెర్నెల్ పెద్దగా మారలేదు. పక్కనున్నది వేగం పుంజుకోవడంతో దాని నెమ్మది బయటపడింది.

ఈ కొలతలో చరిత్రకారులు గమనించవలసిన అంశం మరొకటి ఉంది. కెర్నెల్ గడప దాటి వెళ్లి రావడానికి అయ్యే ఖర్చు 5.6 శాతమే. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఒక్కదానికే 32 శాతం పట్టింది. అంటే కాలం ఎక్కువగా ఖర్చయ్యేది గడప దగ్గర కాదు, గడప లోపల జరిగే పని దగ్గర. పేరును గడి సంఖ్యగా మార్చడం, రికార్డు చెదరకుండా కాపాడడం ఆ పనిలో భాగాలు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ లోపం బయటపడ్డాక చేసిన సవరణల వల్ల గడప ఖర్చు కూడా కొంత పెరిగింది. అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది: గుమస్తాను తప్పిస్తే ఆ పని ఎవరు చేస్తారు?

5. సూటి దారి పనిచేసే తీరు:

ఇంటెల్ 2015 సెప్టెంబరులో బహిరంగంగా విడుదల చేసిన స్టోరేజి పెర్ఫార్మెన్స్ డెవలప్‌మెంట్ కిట్, సంక్షిప్తంగా ఎస్‌పీడీకే, ఈ రకం డ్రైవర్లలో ప్రసిద్ధమైనది. అంతకుముందు 2010లో అదే సంస్థలో నెట్‌వర్క్ కోసం పుట్టిన డీపీడీకే దీనికి అన్నవంటిది. ఇది పనిచేసే క్రమాన్ని అయిదు దశలుగా చెప్పుకోవచ్చు.

మొదట నిల్వ పరికరాన్ని కెర్నెల్ డ్రైవర్ అధీనం నుంచి విడదీస్తారు. ఆ క్షణం నుంచి ఆ డిస్కు వ్యవస్థలోని మిగతా ప్రోగ్రాములకు కనిపించదు. రెండవ దశలో దాన్ని యూఐఓ లేదా వీఎఫ్‌ఐఓ అనే చిన్న కెర్నెల్ భాగానికి అప్పగిస్తారు. యూఐఓ 2007లో, వీఎఫ్‌ఐఓ 2012లో లైనక్స్‌లో చేరాయి. వీటి సహాయంతో పరికరపు నియంత్రణ రిజిస్టర్లు ప్రోగ్రాము మెమరీలో ఒక భాగంగా కనిపిస్తాయి. మూడవ దశలో ప్రోగ్రాము పెద్ద పేజీల రూపంలో మెమరీని కేటాయించుకుంటుంది. పరికరం నేరుగా చదివి రాసే ఈ మెమరీ చోటు మారకూడదు. నాలుగవ దశలో ప్రతి థ్రెడ్డుకు ఒక ఆదేశాల వరుస, ఒక జవాబుల వరుస ఏర్పడతాయి. ఎవరి వరుస వారిదే కనుక తాళాలు వేసుకుని నిరీక్షించనక్కరలేదు. ఆదేశాన్ని వరుసలో ఉంచి, ‘డోర్‌బెల్’ అనే రిజిస్టరులో ఒక అంకె రాస్తే పరికరం పని మొదలుపెడుతుంది. అయిదవది పోలింగ్. పని పూర్తయిందని పరికరం ఇంటరప్ట్ ద్వారా పిలిచే వరకు ఆగకుండా, ప్రోగ్రామే జవాబుల వరుసను పదేపదే చూసుకుంటుంది. పరికరం చాలా వేగవంతమైనప్పుడు పిలుపు కోసం ఆగడం కంటే ఇలా చూస్తూ ఉండడమే మేలని ఇంటెల్ పరిశోధకులు 2012లోనే నిరూపించారు.

ఇందులో కెర్నెల్ పాత్ర పూర్తిగా లేకుండా పోలేదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ప్రధాన భాగస్వామిగా 2014లో వెలువడిన అరాకిస్ పరిశోధన దీనికి సరైన పరిభాషను స్థిరపరచింది. ఆపరేటింగ్ సిస్టమ్ నియంత్రణ తలంలో ఉంటుంది, రోజువారీ రాకపోకలు సమాచార తలంలో సాగుతాయి. ప్రతి అర్జీనీ పరిశీలించడం బదులు, ఎవరు ఏ గదిలోకి వెళ్లవచ్చో ఒకేసారి నిర్ణయించి తాళంచెవి ఇచ్చినట్లు. 57వ సెక్షను 1వ పుస్తకం విషయంలో చేసినదీ ఇదే.

6. తప్పించిన పనుల భారం:

తాళంచెవి ఇచ్చాక తలెత్తే సమస్యలు మూడు. మొదటిది మెమరీ రక్షణ. నిల్వ పరికరం తనకు చెప్పిన మెమరీ చిరునామాలో నేరుగా రాస్తుంది. ప్రోగ్రాము పొరపాటున గానీ, దురుద్దేశంతో గానీ తప్పు చిరునామా ఇస్తే ఇతరుల సమాచారం చెడిపోతుంది. 2000ల రెండవ అర్ధభాగంలో సాధారణ సర్వర్లలోకి వచ్చిన ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేరు పరికరం వెళ్లగల చిరునామాలకు హద్దులు వేసింది. వీఎఫ్‌ఐఓ ఈ హద్దులను ఆధారం చేసుకుని పనిచేస్తుంది. యూఐఓకు ఈ కాపలా లేదు. కెర్నెల్ చేసిన రక్షణలో ఒక భాగం ఈ విధంగా హార్డ్‌వేరుకు బదిలీ అయింది.

రెండవది నిల్వలోని రికార్డుల రక్షణ. ఐఓఎంఎంయూ మెమరీని కాపాడుతుంది గానీ డిస్కులోని గడులను కాపాడదు. పరికరం ఎవరి చేతిలో ఉంటే వారు అందులోని ఏ గడినైనా తుడిచివేయగలరు. ఫైళ్ల పేర్లు, యజమానులు, అనుమతులు అనే భావనలే అక్కడ ఉండవు. విద్యుత్తు మధ్యలో పోతే సగం రాసిన రికార్డును సరిదిద్దే పని కూడా ప్రోగ్రాము రాసినవారిదే. ఎస్‌పీడీకే తనలో బ్లాబ్‌స్టోర్ అనే చిన్న నిల్వ నిర్వాహకాన్ని చేర్చుకోవలసి రావడం ఈ కారణంగానే. అంటే మధ్యవర్తి పనిలో కొంత భాగం కొత్త పేరుతో మళ్లీ పుట్టింది.

మూడవది పర్యవేక్షణ. డిస్కుపై ఎవరు ఎంత చదివారో, రాశారో చెప్పే సాధారణ ఉపకరణాలన్నీ కెర్నెల్ లెక్కల మీద ఆధారపడినవే. ఆ దారిని తప్పించాక వాటికి ఏదీ కనిపించదు. పోలింగ్ చేసే కోరు పని ఉన్నా లేకున్నా పూర్తిగా వినియోగమవుతున్నట్లే కనిపిస్తుంది. విద్యుత్తూ ఆ మేరకు ఖర్చవుతుంది. అందుకే ఈ పద్ధతి ఒకే సంస్థ అధీనంలో, ఒకే పనికి అంకితమైన యంత్రాలలో నిలదొక్కుకుంది. సూపర్ కంప్యూటర్ల కోసం రూపొందిన డావోస్ నిల్వ వ్యవస్థ, నెట్‌వర్క్ మీదుగా ఎన్‌వీఎంఈ నిల్వను అందించే సర్వర్లు ఇందుకు ఉదాహరణలు. పలువురు పంచుకునే సాధారణ యంత్రాలలో ఇది వేళ్లూనలేదు.

7. కెర్నెల్ సమాధానం:

సూటి దారి పెట్టిన ఒత్తిడి కెర్నెల్‌ను కూడా మార్చింది. అన్ని కోర్లూ ఒకే వరుస దగ్గర గుమిగూడే పాత ఏర్పాటు స్థానంలో, కోరుకొక వరుస ఉండే బ్లాక్-ఎంక్యూ 2014 జనవరిలో లైనక్స్ 3.13లో చేరింది. 2019 మేలో లైనక్స్ 5.1తో వచ్చిన ఐఓ-యూరింగ్ అంతకంటే పెద్ద మార్పు. యెన్స్ ఆక్స్‌బో రూపొందించిన ఈ విధానంలో ప్రోగ్రాముకు, కెర్నెల్‌కు మధ్య రెండు ఉమ్మడి వలయాలుంటాయి. ఒకదానిలో కోరికలు, రెండవదానిలో జవాబులు. ప్రతి కోరికకూ గడప దాటనక్కరలేదు. అనేక కోరికలను ఒకేసారి అప్పగించవచ్చు. ఈ అమరిక ఎన్‌వీఎంఈ వరుసల జంటను తలపిస్తుంది.

2022లో లైనక్స్ 5.19 ఇదే వలయాల ద్వారా ఎన్‌వీఎంఈ ఆదేశాలను ఫైల్ సిస్టమ్‌ను తాకకుండా పరికరానికి పంపే వీలు కల్పించింది. శామ్‌సంగ్ సెమీకండక్టర్‌కు చెందిన కంచన్ జోషి తదితరులు, ఆక్స్‌బోతో కలిసి దీని నిర్మాణాన్ని 2024 ఫాస్ట్ సదస్సులో వివరించారు. ఇందులో డిస్కు కెర్నెల్ అధీనంలోనే ఉంటుంది, అనుమతుల తనిఖీ కొనసాగుతుంది, దారి మాత్రం పొట్టిదవుతుంది. తప్పించుకున్నవారి మార్గంలోని మంచిని మధ్యవర్తి నేర్చుకుని తన పనితీరును సవరించుకోవడం ఈ దశ విశేషం.

8. మెట్ట ప్రాంతపు పోలిక: కరణం నుంచి కార్డ్ దాకా:

మధ్యవర్తిని తొలగించే ప్రయత్నాలు ఆంధ్రప్రదేశ్ భూమి రికార్డుల చరిత్రలోనూ జరిగాయి. గ్రామ లెక్కలన్నీ చేతిలో ఉన్న కరణం పదవి వంశపారంపర్య అధికారానికి గుర్తుగా విమర్శకు గురైంది. 1984 జనవరిలో ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా కరణం, మునసబు తదితర గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. ఆ మరుసటి సంవత్సరం సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కరణాలు పోయారు, అడంగలు రాయవలసిన అవసరం పోలేదు. ఏ సర్వే నంబరులో ఎవరి సాగు ఉందో చూసి నమోదు చేసే బాధ్యత కొత్త ఉద్యోగుల మీద పడింది.

రెండవ ప్రయత్నం కార్డ్ ప్రాజెక్టు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో చేతిరాత సూచికల స్థానంలో కంప్యూటర్లను ప్రవేశపెట్టిన ఈ పథకం 1998 నవంబరులో రాష్ట్రవ్యాప్తంగా 200కు పైగా కార్యాలయాల్లో ప్రారంభమైంది. దీని రూపశిల్పి ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ. సూచికల పుస్తకాలు తిరగేసి ఈసీ తయారు చేయడానికి రోజులు పట్టిన చోట నిమిషాలు సరిపోయాయి. నిల్వ వేగం పెరగడం వల్ల కలిగిన ఈ మేలు కాదనలేనిది.

అయితే మధ్యవర్తుల సంగతి వేరు. జొనాథన్ కేస్లీ 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రకటించిన పరిశీలన కార్డ్ పైపై మెరుగు మాత్రమేనని, దస్తావేజు లేఖరుల మధ్యవర్తిత్వం, అనధికార చెల్లింపులు కొనసాగాయని వాదించింది. వేగవంతమైన కౌంటరు వచ్చినా దస్తావేజు రాయడం, హద్దులు సరిగా పేర్కొనడం, విలువ లెక్కించడం సామాన్యుడికి కష్టంగానే మిగిలాయి. ఆ కష్టాన్ని తీర్చేవాడి అవసరం తీరనంత కాలం అతను తన చోట ఉంటాడు.

ఎక్స్‌ఆర్‌పీ కొలతను దీని పక్కన ఉంచి చూస్తే పోలిక బోధపడుతుంది. గడప ఖర్చు 5.6 శాతం, లోపలి పని ఖర్చు 32 శాతం. కార్డ్ ప్రధానంగా తగ్గించినది కార్యాలయంలో వెతుకులాటకు పట్టే కాలాన్ని. పత్రాన్ని సిద్ధం చేసే పనిని అది అంతగా తేలిక చేయలేదు. సాఫ్ట్‌వేరులోనూ, పరిపాలనలోనూ మధ్యవర్తి బలం అతను కూర్చున్న గడపలో ఉండదు, అతను మాత్రమే చేయగల పనిలో ఉంటుంది.

పోలికకు ఒక పరిమితి ఉన్నది. కెర్నెల్ లంచమడగదు, కులం చూడదు, అర్జీదారును రేపు రమ్మని తిప్పదు. అది తీసుకునేది కాలాన్ని మాత్రమే. కరణం వ్యవస్థపై వచ్చిన సామాజిక విమర్శను కెర్నెల్‌కు అన్వయించడం పొరపాటవుతుంది. బాధ్యతల బదిలీ అన్న ఒక్క అంశంలోనే ఈ పోలిక నిలుస్తుంది.

9. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు:

• కెర్నెల్ మధ్యవర్తిత్వం పంచుకోవలసిన అవసరం నుంచి పుట్టింది. డిస్కు నెమ్మదిగా ఉన్నంత కాలం దాని ఖర్చు ఎవరి దృష్టికీ రాలేదు.

• 1981 నాటి స్టోన్‌బ్రేకర్ విమర్శ, 1995 నాటి ఎక్సోకెర్నెల్, యూ-నెట్ పరిశోధనలు సిద్ధాంతాన్ని అందించాయి. ఐఓఎంఎంయూ, ఎన్‌వీఎంఈ వంటి హార్డ్‌వేరు మార్పులు వచ్చాకే అది నిల్వ రంగంలో విస్తృతంగా ఆచరణకు వచ్చింది.

• యూజర్ స్పేస్ డ్రైవర్లు కెర్నెల్ బాధ్యతలను రద్దు చేయలేదు. మెమరీ రక్షణ హార్డ్‌వేరుకు, అనుమతి తొలి ఏర్పాటు దశకు, రికార్డుల భద్రత, పర్యవేక్షణ ప్రోగ్రాము రచయితలకు బదిలీ అయ్యాయి.

• ఐఓ-యూరింగ్ వంటి మార్పులు మధ్యవర్తి ఉంటూనే దారిని కుదించవచ్చని చూపాయి. కనుక ఈ చరిత్ర ఒకరి గెలుపు, మరొకరి ఓటమిగా ముగియలేదు.

• కరణం వ్యవస్థ రద్దు, కార్డ్ ప్రాజెక్టు అనుభవాలు ఇదే సూత్రాన్ని పరిపాలనా రంగంలో ధ్రువపరుస్తున్నాయి.

ప్రజల ఆస్తి హక్కులను మోసే రికార్డులు ఇప్పుడు డిస్కులలోనే ఉన్నాయి. వాటికి వేగవంతమైన దారిని ఎంచుకునే ఇంజనీరు, అధికారి 1908 చట్టం వేసుకున్న ప్రశ్ననే వేసుకోవాలి: ఈ పుస్తకం ఎవరైనా తెరవదగినదా, అధికారి చేతి మీదుగానే తెరవవలసినదా? చందర్లపాడు రైతుకు ఈసీ ఎన్ని క్షణాల్లో వచ్చిందన్నది ముఖ్యమే. అందులోని వివరం చెదరకుండా కాపాడే పూచీ ఎవరిదన్నది అంతకంటే ముఖ్యం. దారి పొట్టిదయిన ప్రతిసారీ ఆ పూచీ ఎవరి పేరున మారిందో రాతపూర్వకంగా తేల్చుకోవడం అవసరం.